నడిచేదే అయితే పైకే

తెల్లబట్టలు వేసుకురమ్మని ఆర్డరు వేసింది మా డ్రిల్లు మాస్టారు నారాయణస్వామి సారే. అడవిలో ఎవరైనా తప్పిపోతే దూరం నుంచి కనిపించాలట! ఇద్దరు కూతుళ్ళ తండ్రి ఆయన. పదిమంది ఆడపిల్లల్ని మూడు రోజులు కొండల్లో నడిపించబోతూ తెల్ల పావడా, తెల్ల ఓణీ అని చెప్పాడంటే ఇన్నేళ్ళూ ఇంట్లో కళ్ళు మూసుకుని కాపురం చేశాడనే అనుకోవాలి. ఈ మాట నేను హాస్టల్లో అందరి ముందే అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ అంతే.

అది డెబ్బై తొమ్మిది డిసెంబరు. మదనపల్లెలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పేరు మునిరత్నమ్మ, హాస్టల్లో అందరికీ రత్న. మా కాలేజీ మగపిల్లలు ఏటా కొండల్లో నడకకు పోయేవాళ్ళు. వచ్చాక ఆర్నెల్లు కోతలు కోసేవాళ్ళు. ఏనుగును చూశామని ఒకడు, ఏనుగే తనను చూసి పారిపోయిందని ఇంకొకడు. విని విని మాకు ఒళ్ళు మండిపోయేది. చివరికి మా వార్డెన్ ఎలిజబెత్ మేడమ్ ప్రిన్సిపాల్ వెంటపడి, ఆడపిల్లలకూ ఒక నడక సాధించింది. ప్రిన్సిపాల్ ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు.

"పదిమంది పోతే పదిమందీ నక్కలకొండ ఎక్కి రావాలి. ఒక్క పిల్ల మధ్యలో తిరిగి వచ్చినా ఆడపిల్లల నడక ఇదే మొదలు, ఇదే ఆఖరు" అన్నాడు.

నన్ను లీడరును చేశారు. నోరు పెద్దదని చేశారో, కాళ్ళు గట్టివని చేశారో తెలియదు. ఆ నడక నాకెంత కావాలో మాత్రం నాకు తెలుసు. అప్పటిదాకా నేను ఎక్కిన ఎత్తల్లా మా ఇంటి మిద్దె. అదీ చెనిక్కాయలు ఎండబెట్టడానికి.

మేం బయల్దేరిన బస్సు పుంగనూరులో ఆగింది. మా ఊరు అక్కడికి దగ్గరే. మా అమ్మ వేయించిన చెనిక్కాయల మూట పట్టుకుని బస్టాండులో నిలబడి ఉంది. కిటికీలోంచి మూట అందిస్తూ, నారాయణస్వామి సార్ వైపు ఒక కన్ను వేసి, గొంతు తగ్గించింది.

"పాతబట్టలు పెట్టుకున్యావా?"

"దానికింకా శానా దినాలు ఉండాదిలేమ్మా. వచ్చేస్తా కదా" అన్నాను గొప్పగా. ఆ గొప్పే నా కొంప ముంచింది.

అయినా ఎలిజబెత్ మేడమ్ దగ్గర ఏర్పాటు లేకపోలేదు. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసే వాళ్ళ చెల్లెలు బెంగళూరు నుంచి తెప్పించిన ప్యాడ్ల ప్యాకెట్టు ఒకటి, వాటిని కట్టుకునే బెల్టులు రెండు ఆమె సంచిలో ఉన్నాయి. అలాంటివి మాలో సగంమంది ఎన్నడూ చూడలేదు. "ఎవురికి అవసరమైనా సిగ్గుపడకుండా అడగండమ్మా" అని మేడమ్ ముందే చెప్పింది. ఇక భయమేముంది అనుకున్నాం.

కుప్పంలో బస్సు దిగి రాత్రికి ఒక బడిలో పడుకున్నాం. మొదటి రోజు నడక హాయిగా సాగింది. రెండో రోజు పొద్దున్నే వంక దాటాం. వానలు కురిసి వెళ్ళాయి కాబట్టి మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి. మేడమ్ సంచి జయశీల భుజాన ఉంది. జయశీల నా గదిలోనే ఉండే పిల్ల, మిషన్ కాంపౌండులో కాంపౌండరు గారి కూతురు. దేవుడిచ్చిన రెండు కాళ్ళనూ ఎక్కడ పెట్టాలో దానికి ఎప్పుడూ తెలియదు. వంక మధ్యలో పాచిరాయి మీద కాలు వేసి సంచితో సహా దబ్బున కూర్చుంది.

గట్టు మీద సంచి విప్పి చూస్తే ప్యాడ్లన్నీ నానిపోయి ఇడ్లీల్లా ఉబ్బి ఉన్నాయి. జయశీల ఒకదాన్ని పిండింది. అర చెంబు నీళ్ళు కారాయి. మేడమ్ ముఖం చూసి ముందు బిక్కచచ్చిపోయాం. ఆమే ఫక్కున నవ్వేసరికి ఇక మా నవ్వుకు హద్దు లేకపోయింది. నేను కడుపు పట్టుకుని రాతి మీద దొర్లి దొర్లి నవ్వాను. లేచి నిలబడ్డాను.

జయశీల నవ్వు టక్కున ఆగింది. "రత్నా, కూర్చో" అంది.

"యాల?"

"కూర్చోవే తల్లీ. నీ పావడా సూసుకో."

అంత ముందుగా ఎన్నడూ రాలేదు నాకు. ఎక్కిన దిబ్బల వల్లో, దిగిన లోయల వల్లో, తెల్ల పావడాను చూసి ముచ్చటపడిందో ఏమో! చేతిలో ఒక్క గుడ్డపీలిక లేదు. జయశీల మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. తన రెండో లోపావడా తీసి పళ్ళతో కొరికి పరపరా చించింది. "మా అమ్మ అడిగితే ముండ్లకంప పట్టుకొనిందని చెప్తాలే" అంది. ఆ పిల్ల మీద నాకు అప్పుడు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. పొదల వెనక పావడా ఉతుక్కుని, తడిదే కట్టుకుని, దాని మీద దుప్పటి చుట్టుకుని బయల్దేరాను.

మధ్యాహ్నం దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. లీడరును కాబట్టి చిత్రాన్నం గిన్నె నా దగ్గరే ఉంది. అందరికీ నేనే వడ్డించాను. సార్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుంటూ అప్పుడు చూశాడు నన్ను.

"ఏమ్మా, ఇంత ఎండలో దుప్పటి కప్పుకోనుండావు?"

"చలి సార్."

"చలా? జరం గాని వచ్చిందా ఏమి?" అంటూ దగ్గరికి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు. అయినా ఆయనకు అనుమానం తీరలేదు. జేబులోంచి ఏదో చేదు మాత్ర తీశాడు. అడవి జ్వరాలు లోపలే ఉంటాయట, ముందే మింగాలట. నేను వద్దంటాను, ఆయన మింగమంటాడు. మేడమ్ కాసేపు చూసి చూసి ఇక ఆగలేకపోయింది.

"సార్, ఆ పిల్లకు జరమూ లేదు, గిరమూ లేదు. నెలసరి వచ్చింది. మీ మాత్రకు తగ్గేది కాదు" అంది, ఆస్పత్రిలో చెప్పినంత మామూలుగా.

సార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. కాసేపటికి మాతో కాకుండా ఎదురుగా ఉన్న వేపచెట్టుతో మాట్లాడినట్టు చెప్పాడు. సాయంత్రానికి ఒక పల్లె వస్తుంది, అక్కడ బండి కట్టించి ఆ పిల్లను రోడ్డుకు పంపించేస్తాం, మేడమ్ తోడు వెళ్ళాలి.

"సార్, నేను నడుస్తా" అన్నాను.

"కాదమ్మా. అడవిలో నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పల్ల? అదీగాక ఆ పల్లెలో మనం పడుకునేది భజన మందిరంలో. వాళ్ళకు ఇయన్నీ పట్టింపు."

ఆయన చెడ్డమనిషి కాదు, భయస్థుడు. కానీ భయస్థుడి మీద కోపం రాకూడదని ఎక్కడుంది? ఒక్క పిల్ల తిరిగొస్తే ఆఖరు అన్నమాట నా చెవుల్లో గింగురుమంటోంది. ఆ ఒక్క పిల్లా నేనేనా? నా వల్ల మొత్తం ఆడపిల్లల నడకే ఆగిపోవాలా? ఏడుపు తన్నుకొచ్చింది. అది చాలదన్నట్టు తడిగుడ్డ ఒరుసుకుని తొడలు కమిలిపోయి అడుగు తీసి అడుగు వేస్తే మంట. బాతులా నడుస్తున్నాను. నా వెనక జయశీల కూడా నాకు తోడుగా బాతులాగే నడిచింది. దాన్ని తిట్టాలనుకుని నవ్వేశాను.

పొద్దు వాలకముందే పల్లె చేరాం. బైరప్ప ఆ పల్లెకు పెద్ద. సన్నగా, పొడుగ్గా, తలపాగా కూడా కొలత పెట్టి చుట్టినంత శుభ్రంగా ఉన్నాడు. మందిరం ముందర ఊడ్చి నీళ్ళు చల్లించాడు. సార్ ఆయన్ని పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు, మాలో ఒక పిల్ల 'బయట' ఉందని. ఊరివాళ్ళ పట్టింపు తెలిసిన మనిషినని అనిపించుకుందామనుకున్నాడు పాపం.

బైరప్ప గుసగుసలాడలేదు. "ఎప్పుడాయ?" అని గట్టిగానే అడిగాడు.

"పొద్దున, వంక కాడ."

"అయినాక అన్నం ఎవురు పెట్టినారు?"

"నేనే పెద్దాయనా" అన్నాను.

"అందరూ తిన్యారా?"

"తిన్యారు. సార్ రెండుతూర్లు తిన్యాడు" అంది జయశీల, అడగకపోయినా.

"ఇంగ ఆ పాపను ఎవురన్నా తాకినారా?"

పదిమందిమీ సార్ కుడిచేతి వైపు చూశాం. సార్ ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. "నుదురు సూస్తినప్పా. జరమేమో అనుకుంటి."

బైరప్ప తలపాగా సర్దుకున్నాడు. "అట్లయితే ఇంగేముండాది? మీరందరూ ముట్టే. మందిరంలోకి ఎవురూ రాగూడదు. అదో, ఊరి బయట ముట్టు గుడిసె ఉండాది, ఆడికి పోండి."

"అందరూ అంటే? నేను మగోన్నప్పా!"

"దానికి మగేంది, ఆడేంది? తగిలితే తగిలినట్టే."

సార్ నోరు వెళ్ళబెట్టాడు. మేడమ్ కొంగు నోట్లో కుక్కుకుంది. బైరప్ప జాలిపడి దారి చెప్పాడు, తలారా నీళ్ళు పోసుకుని వస్తే సార్ ఒక్కడూ మందిరంలో పడుకోవచ్చని. సార్ పోయి డిసెంబరు చలిలో బావి దగ్గర రెండు బక్కెట్లు కుమ్మరించుకుని గజగజ వణుకుతూ వచ్చాడు. పాపం చలికి చస్తున్నాడని జయశీల పరుగున వెళ్ళి తుండుగుడ్డ ఆయన భుజాల మీద కప్పింది.

"మల్లా తగిలె. మల్లా పోసుకో పో" అన్నాడు బైరప్ప.

సార్ మళ్ళీ బావి వైపు చూశాడు. మళ్ళీ మమ్మల్ని చూశాడు. "నా వల్ల కాదప్పా, గుడిసె కాడే చెట్టు కింద పడుంటా" అని, ఉన్న కోపమంతా కూడదీసుకుని అసలు మాటకు వచ్చాడు. "ఈ పిల్లను మాత్రం నీ బండిలో రోడ్డుకు పంపించల్ల."

"బండా?" బైరప్ప అదిరిపడ్డాడు. "ముట్టు మనిషిని బండెక్కిస్తే బండి, కాడి, ఎద్దులు అన్నీ కడగల్ల. గంగమ్మకు మొక్కుకున్న ఎద్దులప్పా అవి. నేను కట్టను. పోవాలంటే నడిసి పోవాల్సిందే."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"రోడ్డుకు ఎంత దూరం పెద్దాయనా?" అని అడిగాను.

"ఆమడ."

"నక్కలకొండ మీదికి?"

"దాంట్లో సగం గూడా ఉండదు."

"ఆడ గుడేమన్నా ఉండాదా?"

"ఆడేముండాదమ్మా, ఇరిగిపోయిన బురుజు, కోతులు."

సార్ వైపు తిరిగాను. "నడిచేదే అయితే పైకే నడుస్తా సార్."

బైరప్ప కాసేపు గడ్డం గోక్కుని, "ఆ పాప చెప్పేదాంట్లో న్యాయం ఉండాది" అన్నాడు. సార్ పొద్దున చూద్దాం అని తప్పించుకున్నాడు.

ముట్టు గుడిసెలో అప్పటికే ఒకామె కాళ్ళు చాపుకుని వక్కాకు నములుతూ కూర్చుని ఉంది. మమ్మల్నందరినీ చూసి, "ఓయమ్మో, ఇదేంది, తిరనాళ్ళా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె మునెమ్మ, బైరప్ప పెళ్ళాం. సంగతంతా విని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఈ మూడు దినాలే తల్లీ నాకు సెలవు. ఆయప్పే సంగటి కెలుక్కోవల్ల. అందుకే అట్ల చిరచిరలాడతాండాడు" అంది.

నా నడక చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. గూట్లోంచి ఆముదం సీసా తీసి, చేతినిండా పోసి, "తొడలకు బాగా పట్టించు, పొద్దున బయల్దేరేముందు ఇంగోతూరి" అంది. మెత్తటి పాత నూలుబట్టను మడిచి ఎలా బిగించి కట్టుకుంటే నడకలో జారదో చూపించింది. పొయ్యి పక్కన వెచ్చటి రాయి మీద నా తడిగుడ్డలు ఆరేసింది. చివరికి తన ముదురు ఎరుపు చీర ఒకటి ఇచ్చి, "ఆ తెల్లగుడ్డ అవతల పారెయ్. ఇది గోచీ పోసి కట్టుకుంటే ఏనుగు తరిమినా ఉరకొచ్చు" అంది. ఆముదం చల్లగా తగలగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పట్టినవాళ్ళం లోపలా, పట్టనివాళ్ళం చూరు కిందా కూర్చుని మా అమ్మ ఇచ్చిన చెనిక్కాయలన్నీ తినేశాం. ఇంట్లో ఆ మూడు రోజులూ ఒక మూల ముఖం మాడ్చుకుని కూర్చునేదాన్ని నేను. అలాంటిది ఆ పూట నవ్వినంత ఎన్నడూ నవ్వలేదు.

తెల్లారింది. ఎర్రచీర గోచీ పోసి, ఆముదం పట్టించి, సంచి భుజాన వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. సార్ చెట్టు కింద నుంచి లేచి వచ్చాడు. దూరంగా బైరప్ప కూడా వచ్చి నిలబడ్డాడు, గుడిసె దగ్గరికి రాకూడదు కదా.

"అమ్మా, మనసు మార్చుకో. ఇట్లాంటప్పుడు ఆడోళ్ళకు బలం ఉండదంట" అన్నాడు సార్.

నేను నోరు తెరిచేలోపల గుడిసెలోంచి మునెమ్మ అందుకుంది. "బలం లేదని నీకెవురు చెప్పినారప్పా? కోతలప్పుడు మా ఆయనకు ఈ గుడిసే కనబడదు. ముట్టని చెప్తే ఇనబడదు. కొడవలి చేతికిచ్చి చేన్లోకి తోలతాడు. దినమంతా వంగి కోస్తా. అడుగు, ఆడనే ఉండాడు కదా!"

సార్ బైరప్ప వైపు చూశాడు. బైరప్ప తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టడం ఎంతకీ కాలేదు. సార్ నిట్టూర్చి, ఈల నోట్లో పెట్టుకుని ఒక్కటి ఊదాడు. "పాండి" అన్నాడు. అంతే! మేం పెట్టిన కేకకు కొండమీది కోతులు కూడా లేచి ఉంటాయి.

ఎక్కడం తేలికేం కాదు. నడుం లాగింది, పొత్తికడుపులో మెలిపెట్టింది. మధ్యలో ఒక బండ చాటున గుడ్డ మార్చుకోవడానికి ఆగితే మేడమ్, జయశీల దుప్పటి తెర పట్టారు. మిగతావాళ్ళు అటు తిరిగి కూర్చుని పాట అందుకున్నారు. రొప్పుతూ, తిట్టుకుంటూ, పిల్లల్ని అదిలిస్తూ ఎక్కాను. ఆఖరి రాళ్ళ దగ్గర చేతులూ కాళ్ళూ రెండూ వాడాల్సి వచ్చింది. తల పైకెత్తేసరికి ఎదురుగా ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. బురుజు గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక పక్క మన ఊళ్ళు, ఒక పక్క కన్నడ సీమ, ఇంకో పక్క అరవ దేశం. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎర్రగా, పచ్చగా. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపు అది. ముక్కు చీదుకుంటూ వెనక్కి తిరిగి పిల్లల్ని లెక్కపెట్టాను. పదిమందీ ఉన్నారు.

సోమవారం ప్రిన్సిపాల్ తన గదిలోకి పిలిచాడు, సార్‌నూ మేడమ్‌నూ నన్నూ. మూలన గుమాస్తా ఏదో రాసుకుంటున్నాడు.

"ఎవరైనా మధ్యలో తిరిగి వచ్చారా?"

"లేదు సార్. పదిమందీ ఎక్కినారు" అన్నాడు నారాయణస్వామి సార్.

"ఇబ్బందులేమీ రాలేదు కదా?"

రాలేదు అంటే సరిపోయేది. అలాగే అంటాడనుకున్నాను. అనాలనే దేవుడికి మొక్కుకున్నాను. సార్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"వచ్చింది సార్. ఈయమ్మకు రెండోనాడే నెలసరి వచ్చింది" అన్నాడు, స్పష్టంగా, గది అంతా వినిపించేలా. గుమాస్తా కలం ఆగిపోయింది. ప్రిన్సిపాల్ ఫ్యాను వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండనిపించింది. సార్ ఆగలేదు. "నేను తిరిగి పంపాలని సూసినా సార్. ఈయమ్మ పోలే. మాయందరికంటే ముందు కొండెక్కి నిలబడింది. ఇంగ ఆ వంక పెట్టి ఎవురూ ఆడపిల్లల్ని ఆపేదానికి లేదు. నేను గూడా."

ప్రిన్సిపాల్ నా వైపు చూసి, "అంతేనా అమ్మా?" అని అడిగాడు.

సిగ్గు ఎటు పోయిందో తెలియదు. "అంతే సార్" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

వరండాలో జయశీల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది. "ఏమన్యారే? చెప్పవే, వచ్చే యేడు ఉండాదా లేదా?" అని నా భుజం పట్టుకుని ఊపేసింది.

"ఉండాది! ఒప్పుకున్యాడు! పోతాండాం!" అని అరిచాను. అది ఎగిరి గంతేసి, కింద మెట్టు ఉందన్న సంగతి మరిచిపోయి, నన్ను కూడా లాక్కుని పడింది.